మీట పడే ఇల్లు

తీజ్ పండుగ ఆఖరి రోజు. గూడూరు దాటి అడవివైపు వెళ్లే దారిలో ఉన్న ఆ తండాలో పొద్దు పొడవగానే సౌండ్ బాక్సులు మోగడం మొదలైంది. తొమ్మిది రోజులుగా పెళ్లికాని ఆడపిల్లలంతా ఎత్తయిన మంచె మీద వెదురు బుట్టల్లో గోధుమ నారు పెంచుతున్నారు. పూటపూటకూ బిందెలతో నీళ్లు మోసుకొచ్చి, పాటలు పాడుతూ పోస్తున్నారు. నారు జానెడు పైనే లేచింది. మధ్యాహ్నం దాటాక ఆ బుట్టలను నెత్తిన పెట్టుకుని, ఆడుకుంటూ వాగుదాకా వెళ్లి నీళ్లలో వదలాలి.

భాగ్యకు కాళ్లు నేలమీద నిలవడం లేదు. నర్సింహులపేట దగ్గరి తండాలో పుట్టి, కోడలిగా ఇక్కడికి వచ్చాక ఆమెకు ఇది మూడో తీజ్. ఈసారి మంచె సరిగ్గా వాళ్ల ఇంటి ముందే వేశారు. లైట్లకూ పాటలకూ కరెంటు వాళ్ల ఇంట్లోంచే పోతోంది. తండా పెద్ద జాల్యా నాయక్ ఆ మాట చెప్పిన రోజు ఆమె వీధిలో కాస్త తల ఎత్తి నడిచింది. భర్త నరేశ్ భూపాలపల్లిలో బొగ్గు లారీ నడుపుతాడు. సెలవు దొరికిందని, బండి మీద బయలుదేరుతున్నానని పొద్దున్నే ఫోన్ చేశాడు. జనగామ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ఆడబిడ్డ శృతి అయితే తొమ్మిది రోజుల ముందే వచ్చి పిల్లలందరికీ నాయకురాలై కూర్చుంది.

వదినా ఆడబిడ్డలిద్దరూ చుట్టాలు వచ్చేలోగా వసారా దులుపుతున్నారు. గోడమీది మీటర్ పక్కన ఒక తెల్లటి డబ్బా ఉంది. దానిమీది సాలెగూడు తీస్తూ శృతి అంది:

"వదినా, మా హాస్టల్ల గిసుంటి ట్రిప్పరే ఉండె. మొన్న తీసేసి కొత్తది పెట్టిన్రు."

"ఎందుకు? కాలిపోయిందా?"

"కాలలే. మంచిగనే కనపడ్డది. దానికి ఒక బటన్ ఉంటది గద, అది నొక్కితే మీట కిందికి పడాలె. పడలే. చెడిపోయిందని మార్చిన్రు."

భాగ్య డబ్బా మూత తెరిచింది. ఎన్నిసార్లు దీని ముందునుంచి నడిచిందో, ఒక్కసారీ మూత తెరవలేదు. లోపల నల్లటి మీట పైకి నిలబడి ఉంది. పక్కన చిటికెన వేలి గోరంత పసుపు బటన్. నెలకోసారి నొక్కి చూడమని దాని కింద ఇంగ్లీషులో చిన్న అక్షరాలు. ఇంటర్ దాకా చదివిన భాగ్య వాటిని కూడబలుక్కుని చదివింది.

వంటింట్లోంచి అత్త తారి గొంతు వినిపించింది. "దాన్ని ముట్టకుండ్రి బిడ్డా. అదున్నదనే మాకు ధైర్యం."

ఆ ధైర్యం వెనకున్న కథ భాగ్యకు తెలుసు. ఎనిమిదేళ్ల కింద ఒక వానాకాలం పొద్దున, తండా కొసన ఉండే తావుర్యా అనే ఆయన భార్య తడి చీర ఆరేయబోయి, దండేనికి తగులుతున్న కరెంటు తీగవల్ల అక్కడికక్కడే పడిపోయింది. దవాఖానకు తీసుకుపోయేలోగా ప్రాణం పోయింది. ఆ ఏడు తండాలో తీజ్ జరగలేదు. తర్వాత అందరూ కూడబలుక్కుని ఇంటింటికీ ఈ ట్రిప్పర్ పెట్టించుకున్నారు. కరెంటు మనిషి ఒంట్లోకో, తడి గోడలోకో దారి తప్పి పోతే ఇది కనిపెట్టి, కన్ను మూసి తెరిచేలోగా మొత్తం బంద్ చేస్తుందని బిగించినాయన చెప్పాడు. అప్పటినుంచి తండాలో కరెంటంటే భయం పోయింది.

"ముట్టకుంటే ఎట్ల తెలుస్తదత్తా, పనిచేస్తున్నదో లేదో?" అంటూ భాగ్య బొటనవేలితో బటన్ నొక్కింది.

ఏమీ కాలేదు.

ఇంకొంచెం గట్టిగా నొక్కింది. గోరు తెల్లబడేదాకా నొక్కింది. మీట కదల్లేదు. బయట మంచె చుట్టూ కట్టిన రంగు లైట్లు మిణుకుమిణుకుమంటూనే ఉన్నాయి. పాట సాగుతూనే ఉంది. ఆ పాట ఆగకపోవడమే భాగ్య గుండెలో గుబులు పుట్టించింది. ఈ బటన్ నొక్కగానే అది ఆగాలి కదా.

టెంటు, లైట్లు, సౌండ్ బాక్సులు అన్నీ గూడూరు సురేశ్‌వి. వైరింగ్ పనులు కూడా చేస్తాడు. భాగ్య పరుగున పోయి అతణ్ని చెయ్యి పట్టుకున్నంత పని చేసి తీసుకొచ్చింది. అతను నవ్వాడు.

"పడకపోతే మంచిదే గదక్కా. పాట నడుమ కరెంటు పోదు."

"మనిషికి షాక్ కొట్టినా పోదన్నట్టే గదన్నా?"

సురేశ్ నవ్వు ఆగింది. స్క్రూడ్రైవర్ పిడితో తనూ బటన్ నొక్కి చూశాడు. మరోసారి చూశాడు. "లోపల బిగుసుకుపోయింది. ఏండ్ల తరబడి కదలకుంటే గిట్లనే అయితది. దుమ్ము, చెమ్మ. పైకి చూస్తే కొత్తగనే ఉంటది," అన్నాడు తగ్గిన గొంతుతో.

భాగ్య మంచెవైపు చూసింది. నీళ్లు కారుతున్న బుట్టలు. కింద బురద. ఇనుప పైపుల మీద నిలబెట్టిన మంచె. ఆ పైపుల చుట్టూ లైట్ల తీగలు. అప్పుడే బిందెలతో వరసగా వస్తున్న ఆడపిల్లలు. ఆమె ఇంకెవరినీ అడగలేదు. మెయిన్ స్విచ్ కిందికి లాగేసింది.

పాట సగంలో తెగిపోయింది. ఆ నిశ్శబ్దానికి తండా తండా అంతా వాళ్ల ఇంటి ముందుకు వచ్చినట్టయింది. పిల్లలు గోల పెట్టారు. జాల్యా నాయక్ తలపాగా సర్దుకుంటూ వచ్చాడు.

"ఎవరు బంద్ చేసిన్రు?"

"నేనే మామా. మా ట్రిప్పర్ పనిచేస్తలేదు. తడి మంచె మీద పిల్లలను ఎక్కియ్యాలంటే నాకు భయమైతున్నది."

"ఇన్ని దినాలు ఏం కాలేదు గద?"

"ఇన్ని దినాలు నేను చూడలేదు."

నాయక్ ఒక క్షణం ఆమెను చూసి, "దానికెందుకు పరేషాన్? మా ఇంట్లకెల్లి గుంజుకోండ్రి," అన్నాడు.

"సరే మామా. ముందుగాల మీదాని బటన్ నొక్కి చూద్దాం."

అంతా నాయక్ ఇంటికి కదిలారు. బటన్ నొక్కితే అక్కడా మీట పడలేదు. సురేశ్ పైమూత విప్పి, వెంటనే మళ్లీ మూయబోయాడు. భాగ్య అతని భుజం మీదుగా చూసింది. రెండు తీగలు ట్రిప్పర్‌ను ముట్టుకోకుండానే పక్కనుంచి నేరుగా కలిపేసి ఉన్నాయి.

"వానాకాలం మాటిమాటికి పడుతుండె. మిక్సీ పెడితే పడుడే. యాష్టకొచ్చి డైరెక్ట్ ఇయ్యిమన్న," అన్నాడు నాయక్.

"ఎవరికి చెప్పిన్రు మామా?"

నాయక్ సురేశ్‌ను చూశాడు. సురేశ్ ఇంటి కప్పును చూశాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు గుంపంతా పాకి, చివరికి నాయక్ మీసం కిందికి కూడా వచ్చింది.

ఆ నవ్వుతో ఏదో కట్టు తెగినట్టయింది. శృతి ముందుకొచ్చి చేతులు చరిచింది. "మీట పడే ఇల్లు ఏదో దేవులాడుదాం రాండ్రి. దొరికిన ఇంట్లకెల్లే కరెంటు." అంతే, బిందెలు అక్కడే దించేసి ఆడపిల్లలంతా గుంపుగా పరుగెత్తారు. వెనక సురేశ్, అతని వెనక చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని భాగ్య, ఇంకా వెనక మోకాళ్లు పట్టుకుంటూ తారి. పండుగకు వచ్చిన చుట్టాలు కూడా ఏమిటో పూర్తిగా తెలియకుండానే కలిసిపోయారు.

ప్రతి గడపలో అదే తంతు. ఇంటామె మూత తెరుస్తుంది. శృతి వేలు బటన్ మీద పెడుతుంది. అందరూ ఊపిరి బిగబడతారు. మీట కదలదు. "లే... దూ" అని ఆడపిల్లలు ఒక్క గొంతుతో రాగం తీసి పక్కింటికి ఉరుకుతారు. ఒక ఇంట్లో డబ్బా తెరవగానే ఎర్రచీమలు బిలబిలా బయటికొచ్చాయి. లోపల గూడు కట్టి గుడ్లు పెట్టుకున్నాయి. ఇంకో ఇంట్లో నొక్కగానే మీట టక్కున పడింది. కేకలు మిన్నంటాయి. సురేశ్ సంబరంగా దాన్ని పైకి ఎత్తాడు. నిలవలేదు. మళ్లీ ఎత్తాడు. మళ్లీ కిందికి జారింది. ఆ ఇంటామె మొహం చిన్నబోయింది. "నొక్కకముందు మంచిగుండె గద," అంది.

"మంచిగున్నట్టు కనపడ్డది అక్కా. ఆఖరిసారి పనిచేసి అలిసిపోయింది," అన్నాడు సురేశ్.

మొదట్లో భాగ్యకూ అది ఆటలాగే అనిపించింది. ఇల్లు తరవాత ఇల్లు దాటేకొద్దీ ఆమె ఉత్సాహంలోకి ఒక వణుకు కలుస్తూ వచ్చింది. ఇంతమంది ఇన్నేళ్లుగా గోడకు ఒక ధైర్యాన్ని తగిలించుకుని నిద్రపోయారు. ఆ ధైర్యం ఎప్పుడు చచ్చిపోయిందో ఎవరికీ తెలియదు.

చివరికి తండా కొసన తావుర్యా ఇల్లు మిగిలింది.

తావుర్యా ఒంటరిగా ఉంటాడు. భార్య పోయాక తీజ్ మంచె దగ్గరికి వచ్చిందే లేదు. ఆ పూట కూడా గడప ముందు కూర్చుని ఎద్దు పగ్గం పేనుతున్నాడు. గుంపును చూసి లేచి నిలబడ్డాడు. అప్పటిదాకా కేరింతలు కొడుతున్న పిల్లలు ఒక్కసారిగా నెమ్మదించారు. ఏమని అడగాలో భాగ్యకు తోచలేదు. సంగతంతా తొందరతొందరగా చెప్పేసింది.  అతను పక్కకు జరిగి, లోపలికి రమ్మన్నట్టు చెయ్యి చూపించాడు.

డబ్బా మీద దుమ్ము లేదు. శృతి బటన్ నొక్కింది.

టక్.

మీట పడింది. ఇంట్లో తిరుగుతున్న ఫ్యాన్ రెక్కలు మెల్లగా ఆగిపోయాయి.  తావుర్యా ముందుకొచ్చి మీట పైకి ఎత్తాడు. నిలిచింది. ఫ్యాన్ తిరిగింది. శృతి మళ్లీ నొక్కింది. మళ్లీ పడింది. అప్పుడు లేచిన అరుపుకు పక్కనున్న చేన్లోంచి కొంగలు లేచిపోయాయి. ఆడపిల్లలు ఒకరి చేతులొకరు పట్టుకుని ఆ ఇరుకు వాకిట్లోనే గుండ్రంగా తిరిగారు.

"ఎట్ల మామా? అందరియి పాడైనయి, నీదొక్కటే ఎట్ల మంచిగున్నది?" అంది భాగ్య.

"అమాస అమాసకు నొక్కుత," అన్నాడు తావుర్యా. "పెట్టినాయన నొక్కుమన్నడు గద. ఆమె పోయినంక నాకు చేతనైంది గిదొక్కటే."

తారి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కరెంటు గుంజుకుంటామని నాయక్ అడగడానికి కాస్త మొహమాటపడ్డాడు. తావుర్యా తనే అన్నాడు: "తీగె తెచ్చుకోండ్రి. ఆమె తీజ్ ఆడినప్పుడు పొద్దు గూకినా ఇంటికొచ్చేది కాదు."

సురేశ్ బండిలోంచి పెద్ద తీగ చుట్ట తెచ్చాడు. కుర్రకారంతా తలో చెయ్యి వేసి, కొట్టాల మీదుగా, వేప కొమ్మల మీదుగా మంచెదాకా లాగారు. మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడకముందే బుట్టలు వాగుకు చేరాలని పెద్దవాళ్లు తొందరపెడుతున్నారు. సురేశ్ అన్నీ కలిపి తావుర్యా ఇంటివైపు చెయ్యి ఊపాడు. అక్కడ నిలబడ్డ భాగ్య స్విచ్ వేసింది.

టక్. మీట పడింది.

ఎత్తింది. మళ్లీ పడింది.

సురేశ్ పరుగెత్తుకొచ్చాడు. "గిది గూడ పోయినట్టున్నది. ఏండ్లదాయె."

నాయక్ కూడా వచ్చాడు. అతని నుదుటి మీద చెమట. "వానొచ్చేతట్టున్నది. ఒక్క గంటకు డైరెక్ట్ కలుపు సురేశ్. బుట్టలు కదిలినంక తీసేద్దాం."

సురేశ్ చెయ్యి జేబులోని స్క్రూడ్రైవర్ మీదికి పోయింది. భాగ్య డబ్బాకు అడ్డంగా నిలబడింది. పెద్దవాళ్ల ముందు అలా నిలబడటం ఆమెకదే మొదటిసారి.  ఆమెకంటే ముందు తావుర్యా మాట్లాడాడు.

"నాయక్, ఆమె తీగె ముట్టిన నాడు గిది లేకుండె. వద్దని చెప్పెటందుకు ఏదీ లేకుండె. ఇయ్యాల ఉన్నది, వద్దంటున్నది. దాని మాట ఇందామా, వద్దా?"

అతని గొంతు ఎక్కువ లేవలేదు. కాని నాయక్ తల దించుకున్నాడు.

భాగ్య సురేశ్ వైపు తిరిగింది. "సురేశ్ అన్నా, మంచె కాడ అన్ని తీగెలు ఊడబీకు. ఒక్కొక్కటే కలుపు. ఏది కలిపితే పడ్తదో చూద్దాం. పిల్లలను మాత్రం దూరం జరుపుండ్రి."

తావుర్యా ఇంటినుంచి మంచెదాకా మనుషులు వరసగా నిలబడ్డారు. ఇక్కడి మాట అక్కడికి, అక్కడి మాట ఇక్కడికి అందిస్తున్నారు. ముందు ఉత్త తీగ. "నిలిచింది" అన్న మాట వరస వెంట పరుగెత్తింది. తరవాత సౌండ్ బాక్సులు. నిలిచింది. టెంటు కింద ఫ్యాన్లు. నిలిచింది. దారి మొదట్లో కట్టిన తోరణం లైట్లు. నిలిచింది. ప్రతి మాటకూ జనం ఊపు పెరుగుతోంది. భాగ్య కళ్లు మీటను వదలడం లేదు. 

"మంచె లైట్లు," అన్న కేక వచ్చింది.

టక్.

ఆ చప్పుడు అందుకోవడమే తడవు భాగ్య మంచెవైపు పరుగు తీసింది. ఆమె వెళ్లేసరికి సురేశ్ మోకాళ్ల మీద బురదలో కూర్చుని ఉన్నాడు. లైట్ల తీగ ప్లగ్గు ఊడదీసి పక్కన పడేశాడు. మంచె కింద ఇనుప పైపుకు కట్టిన కట్టును చాకుతో కోసి విప్పాడు. తాడు బిగువుకు, పైపు అంచుకు మధ్య నలిగి తీగ తొడుగు చీలిపోయింది. లోపలి రాగి మెరుస్తూ పైపుకు ఆనుకుని ఉంది. బుట్టల్లోంచి కారే నీళ్లు సరిగ్గా దానిమీదుగానే బొట్లుబొట్లుగా జారుతున్నాయి.

మంచె ఎక్కే పిల్లలంతా పట్టుకునేది ఆ పైపునే.

శృతి తన అరచేతిని చూసుకుంది. "పొద్దున నీళ్లు పోస్తుంటే నా చెయ్యి జుమ్మన్నది వదినా. బిందె మోసిన తిమ్మిరి అనుకున్న."

తారి కూతుర్ని లాగి గుండెకు అదుముకుంది. ఎంతసేపటికీ వదల్లేదు. సురేశ్ లేచి నిలబడ్డాడు. "ఈ కట్టు నేనే కట్టిన," అన్నాడు. ఎవరూ అతణ్ని తిట్టలేదు. నాయక్ అతని భుజం మీద చెయ్యి వేసి, "ఇప్పేసెయ్యి. మంచెకు లైట్లొద్దు," అన్నాడు.

ఆడపిల్లలు అప్పటికప్పుడు దొడ్లలోకి ఉరికి బంతిపూలు, మామిడాకులు తెచ్చారు. లైట్లున్నచోట దండలు చుట్టారు. మంచె పైపులను పొడిగుడ్డతో తుడిచారు. భాగ్య తావుర్యా ఇంటికి వెళ్లి మీట ఎత్తింది. ఈసారి అది నిలిచింది. ఆగిన చోటినుంచి పాట ఎత్తుకుంది. తండా మొత్తం ఒక్కసారిగా హోరెత్తింది.

నరేశ్‌కు ఫోన్ చేసినప్పుడు అతను నర్సంపేటలో చాయ్ తాగుతున్నాడు. భాగ్య ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పింది. అతను ముందు చెల్లెలి సంగతే అడిగాడు.

"శృతి మంచిగనే ఉన్నదా?"

"ఇగో, నా పక్కకే ఉన్నది, ఎగురుతున్నది. నువ్వు ఆడనే కరెంటు దుకాణంల కొత్త ట్రిప్పర్లు పట్టుకరా."

"ఒకటా?"

భాగ్య నాయక్‌ను చూసింది. నాయక్ రెండు చేతులూ బార్లా చాపి తండా మొత్తాన్ని చూపించాడు.

"ఒకటి కాదు. దుకాణంల ఎన్నుంటే అన్ని."

బుట్టలు కదిలేసరికి సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఎవరూ లెక్క చేయలేదు. నెత్తిన లేత నారు ఊగుతుంటే, కాళ్ల గజ్జెలు బురదలోనే మోగుతుంటే, ఆడపిల్లలు వాగుదారి పట్టారు. భాగ్య పెళ్లయినామె కాబట్టి బుట్ట ఎత్తలేదు కాని అందరికంటే ఎక్కువ ఆడింది. మధ్యలో వెనక్కి తిరిగి చూస్తే గుంపు చివర తావుర్యా నడుస్తున్నాడు. ఆడటం లేదు. చప్పట్లు మాత్రం పాటకు సరిగ్గా పడుతున్నాయి. వాగు ఒడ్డుకు చేరేసరికి నరేశ్ కూడా అందుకున్నాడు. బండి వెనక పెద్ద అట్టపెట్టె, దానిమీద తను విప్పి కప్పిన వానకోటు. మనిషి మాత్రం నిలువునా తడిసిపోయాడు.

మర్నాడు పొద్దున్నే సురేశ్ సామాను సర్దుకుని పోలేదు. నరేశ్‌ను తోడు తీసుకుని ఇంటింటికీ తిరిగి పాతవి విప్పి కొత్తవి బిగించాడు. నాయక్ ఇంట్లో పక్కనుంచి కలిపిన తీగలను మొదట కోశాడు. మిక్సీ పెట్టి చూస్తే కొత్త ట్రిప్పర్ కూడా పడింది. మిక్సీనే పాడైందని అప్పుడు తేలింది. నాయక్ భార్య దాన్ని తెచ్చి ఆయన ముందు పెట్టి, ఏమీ అనకుండా లోపలికి పోయింది.

బిగించిన ప్రతిదాన్నీ ఆ ఇంటివాళ్లతోనే నొక్కించాలని భాగ్య పట్టుబట్టింది. ముసలమ్మలు వేలు పెట్టడానికి భయపడి, టక్‌మనగానే పిల్లల్లా నవ్వారు. కొత్తవాటిలో కూడా ఒకటి పడలేదు. సురేశ్ నమ్మలేక పెట్టె తిరగేసి చూశాడు. "గిప్పుడే విప్పిన గదక్కా," అన్నాడు. భాగ్య దాన్ని తీసి పక్కన పెట్టించింది, దుకాణంలో మార్చుకు రమ్మని. ఇకనుంచి అమావాస్య రోజున ఆడపిల్లలు గడప గడపకూ తిరిగి నొక్కించాలని శృతి నిర్ణయం చేసింది. తను జనగామ పోయాక ఎవరు తిప్పాలో కూడా తనే చెప్పింది.

చివర తావుర్యా ఇల్లు. నరేశ్ డబ్బా మీద చెయ్యి వేయబోతే ముసలాయన అడ్డు చెప్పాడు.

"నాది మంచిగనే ఉన్నది గద. ఎందుకు ఇప్పుతరు?"

నరేశ్ ఆగి భాగ్యను చూశాడు. ఆమె తావుర్యా పక్కన కింద కూర్చుంది.

"మంచిగనే ఉన్నది మామా. నిన్న మా అందరిని అదే కాపాడింది. కాని దానికీ ఎనిమిదేండ్లాయె. వచ్చే అమాసకు నువ్వు నొక్కినప్పుడు పడకపోతే?"

 నిన్నటి పందిరిలోంచి ఎవరో కుర్చీలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పాతది పారెయ్యద్దు. నాకియ్యుండ్రి," అన్నాడు తావుర్యా.

నరేశ్ పాతదాన్ని విప్పి, తుడిచి, ఆయన చేతిలో పెట్టాడు. కొత్తది బిగించి పక్కకు జరిగాడు. తావుర్యా లేచి, వేలు ధోవతికి తుడుచుకుని, భాగ్యను ముందుకు రమ్మన్నాడు. ఆమె బటన్ నొక్కింది. టక్‌మని మీట పడి ఫ్యాన్ ఆగింది.

"సరే, మంచిగున్నది," అన్నాడు ఆయన. "మల్ల ఎయ్యి బిడ్డా. కరెంటు కుక్కర్ల అన్నం సగమే ఉడికింది. మీరందరు గూడ తినిపోవాలె."